ఆపరేషన్ సక్సెస్ అని ఎప్పుడు రాయాలి?

సంపాదకులకు నమస్కారం.

పుట్టుకతో జననాంగాల్లో తేడా ఉన్న పిల్లలకు ఏడాదిన్నర లోపే ఆపరేషన్ చేసి 'సరిచేయవచ్చు' అని మీ ఆరోగ్యం పేజీలో చదివాను. మా అమ్మాయికీ అలాగే చేయించాం. దానికిప్పుడు 20 ఏళ్లు.

మాది మేనరికం. పాప పుట్టగానే ఆడో మగో చెప్పలేక నర్సమ్మ బట్ట కప్పేసింది. పదో రోజుకి వాంతులు, పాలు తాగడం మానేసింది. ఒంట్లో ఉప్పు పడిపోయిందన్నారు. విశాఖపట్నం తీసుకెళ్తే కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా అని తేలింది. కిడ్నీల మీద ఉండే గ్రంథులు ఒంటికి అవసరమైన కార్టిసాల్ అనే హార్మోన్ తయారు చేయలేక మగ హార్మోన్ ఎక్కువ చేస్తాయట. లోపల గర్భసంచి, అండాశయాలు అన్నీ ఆడపిల్లవే, పైకి మాత్రం వేరుగా ఉంటుంది. హైడ్రోకార్టిసోన్ మాత్ర రోజుకి మూడుసార్లు, జీవితాంతం వేయాలి. జ్వరమొస్తే డోసు పెంచాలి. దాని ప్రాణం ఆ మాత్రల మీదే ఉంది. అవి చీపురుపల్లిలో దొరక్క నెలనెలా రైలెక్కి విశాఖ వెళ్లి తెచ్చుకునేవాళ్లం.

ఆపరేషన్‌కి ఆ తొందర లేదు. ఆ మాట మాకెవరూ చెప్పలేదు. "ఇప్పుడైతే పిల్లకి గుర్తుండదమ్మా" అన్నారు. ఊళ్లో ఏమనుకుంటారోనన్న టెన్షన్‌లో సంతకం పెట్టేశాను. డిశ్చార్జి కాగితంలో సక్సెస్ అని రాశారు.

పెద్దమనిషి అయ్యాక తెలిసింది. కుట్లు వేసినచోట దారి బిగుసుకుపోయి, నెలసరి సరిగ్గా బయటికి రాక నొప్పితో మెలికలు తిరిగిపోయేది. పద్నాలుగో ఏట మళ్లీ ఆపరేషన్. అక్కడ స్పర్శ సరిగా తెలియడం లేదని ఈమధ్యే, నా మొహం చూడకుండా చెప్పింది. పసితనంలో చేస్తే మళ్లీ చేయాల్సి రావడం మామూలేనన్నారు రెండో డాక్టరు గారు. మామూలే అయితే సంతకానికి ముందు నాకెందుకు చెప్పలేదు?

మూత్రం దారి మూసుకుపోతే ఆగలేం, ఒప్పుకుంటాను. మా పాపకి అలాంటి ఇబ్బందేమీ లేదు. చూడటానికి ఎలా ఉందన్నదానికన్నా పనితీరు ముఖ్యమని 2006లోనే అంతర్జాతీయ నిపుణులు చెప్పారు. మద్రాసు హైకోర్టు తీర్పు తర్వాత తమిళనాడు 2019లో, ప్రాణాపాయం ఉంటే తప్ప పసిపిల్లలకు ఇలాంటి ఆపరేషన్లు చేయకూడదని జీవో ఇచ్చింది. మన ప్రభుత్వం కూడా ఇవ్వాలి.

వ్యాసం రాసిన డాక్టరు గారిని ఒకటి అడుగుతున్నాను. మీరు ఆపరేషన్ చేసిన పిల్లల్లో ఎంతమందిని 18 ఏళ్లు దాటాక మళ్లీ చూశారు? వాళ్లు ఎలా ఉన్నారు? ఆ లెక్క కూడా అదే పేజీలో వేయండి.

దయచేసి నా పేరు వేయవద్దు. ఈ ఉత్తరం మా అమ్మాయి చదివింది. పంపమంది.

— ఒక తల్లి, చీపురుపల్లి, విజయనగరం జిల్లా