నల్లపాడు రోడ్డు కుక్కపిల్లల కోసం కదిలొచ్చిన మీ అందరికీ

అందరికీ నమస్కారం. గుంటూరులో నల్లపాడు వైపు మా కుక్కల షెడ్డు తెలిసినవాళ్లకి సంగతి కొంత చెవిన పడే ఉంటుంది. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో అనే వైరస్ జబ్బు తగ్గింది. పద్నాలుగు పిల్లల్లో తొమ్మిది బతికాయి. ఇవాళ పొద్దున ఆ తొమ్మిదీ ఒకే పళ్లెం మీద పడి పెరుగన్నం తిన్నాయి. అది కళ్లారా చూశాకే ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నాను.

సంక్రాంతి వెళ్లిన మూడో రోజు తెల్లవారుజామున గేటు ముందు ఎవరో అట్టపెట్టె వదిలి వెళ్లారు. అందులో ఐదు పిల్లలు. చలికి ఒకదాని కింద ఒకటి దూరి వణుకుతున్నాయి. చూడలేక షెడ్డులో ఉన్న మా కుక్కపిల్లల పక్కనే పడుకోబెట్టాను. ఆ తప్పు నాది. కొత్తగా వచ్చినవాటిని రెండు వారాలు విడిగా ఉంచాలని నాకు తెలుసు. తెలిసీ చేశాను. మర్నాడే ఒకదానికి వాంతులు, ఆ రాత్రికి నెత్తుటి విరేచనాలు. వారం తిరిగేసరికి పద్నాలుగూ పడకేశాయి.

పార్వో వైరస్‌ని చంపే మందంటూ లేదు. ఒంట్లో నీరు ఇంకిపోకుండా సెలైన్ ఎక్కిస్తూ, వాంతులు ఆపుతూ, ఒళ్లు వెచ్చగా ఉంచుతూ మూడు నాలుగు రోజులు గండం గట్టెక్కించాలి, అంతే. దానికి డబ్బు కంటే ముందు రాత్రిళ్లు మేలుకునే మనుషులు కావాలి. మేమున్నది ముగ్గురం.

డ్యూటీ అయ్యాక రోజూ రాత్రి తొమ్మిదింటికి వచ్చిన డాక్టరు గారికి ముందుగా నా దణ్ణం. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. గన్నవరంలో వెటర్నరీ చదివే పిల్లలిద్దరు బస్సెక్కి వచ్చి రెండు రాత్రులు ఉండిపోయారు. అగ్గిపుల్లంత కాలికి సూది ఎలా నిలబెట్టాలో మాకు నేర్పింది వాళ్లే. కొత్తపేట మందుల షాపాయన "ముందు సెలైన్లు తీసుకెళ్లమ్మా, లెక్కలు తర్వాత చూసుకుందాం" అన్నారు. ఆటో తమ్ముడు ఎన్ని ట్రిప్పులేశాడో నేను లెక్కపెట్టలేదు, అతనూ అడగలేదు.

మిర్చి యార్డు హమాలీల గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. పరుపులకి గోతాలు కావాలని ఒక్కరితో అన్నాను. సాయంత్రానికల్లా రిక్షా నిండా వచ్చాయి. కానీ మిరపకాయలు నింపిన గోతాలు కదా, విదిలిస్తే మనుషులకే దగ్గు ఆగదు. మా వీధి ఆడవాళ్లు బోరు దగ్గర కూర్చుని మూడు నీళ్లు మార్చి ఉతికారు. చేతులు భగ్గుమంటుంటే కొబ్బరినూనె రాసుకుని మళ్లీ ఉతికారు. కుక్కల అరుపులకి నిద్రపట్టడం లేదని మొన్నటిదాకా మామీద కోపంగా ఉన్న పక్కింటి పిన్నిగారు కూడా వాళ్లలో ఉన్నారు. పిన్నిగారూ, మీ మేలు మరిచిపోలేను.

ఆ హమాలీల్లో ఒక పెద్దాయన గోతాలు దింపి వెళ్లిపోలేదు. పొద్దంతా నలభై కిలోల టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసి వచ్చిన మనిషి, గోడకి ఆనుకుని కూర్చుని నల్లపిల్ల కాలిని రెండు వేళ్లతో పట్టుకున్నాడు, కదిలితే సూది ఊడిపోతుందని. సెలైన్ చుక్క చుక్కగా దిగుతోంది. తెల్లారేదాకా ఆ వేళ్లు కదల్లేదు. మధ్యలో టీ ఇస్తే ఎడమచేత్తో తాగాడు. ఆ పిల్ల బతికింది బాబాయ్. నువ్వు వచ్చి చూడాలి.

పోయిన ఐదింటినీ లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాం. వాడిన గోతాలన్నీ తగలబెట్టాం. నేల బ్లీచింగ్ నీళ్లతో కడుగుతూనే ఉన్నాం, ఎందుకంటే మామూలు ఫినాయిల్‌కి ఈ వైరస్ చావదు, మట్టిలో నెలల తరబడి ఉంటుంది. మనుషులకి ఇది సోకదు, భయపడకండి. కానీ మన చెప్పులతో ఇంకో ఇంటి కుక్కపిల్లకి చేరుతుంది. అందుకే గేటు దగ్గర బ్లీచింగ్ నీళ్ల తొట్టి పెట్టాం. చూడ్డానికి వచ్చేవాళ్లు అందులో కాళ్లు తడిపి లోపలికి రండి, వెళ్లేటప్పుడు కూడా.

ఇంకొక్క మాట. ఇంకొన్ని నెలలు చిన్నపిల్లల్ని మేం షెడ్డులోకి తీసుకోలేం. ఎక్కడైనా కనబడితే గేటు దగ్గర వదలకుండా ముందు మాకు చెప్పండి, డాక్టరు గారితో మాట్లాడి మీ ఇంటి దగ్గరే టీకా వేయించే ఏర్పాటు చేస్తాం. ఆరు వారాలు నిండితే మొదటి టీకా వేయించొచ్చు. అక్కడితో ఆపకుండా నాలుగు నెలలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకొకటి పడాలి.

పిన్నిగారు ఆ తొమ్మిదింటిలో తెల్లచెవుల దాన్ని అడిగారు. టీకాలు పూర్తవగానే గోడవతలికి పంపిస్తాం.