లోన్ యాప్ జోలికి వెళ్లే ముందు ఇది చదవండి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నిన్న మన బ్రాడీపేట హాస్టల్లో ఒకబ్బాయి మెస్ బిల్లు కోసం యాప్‌లో అప్పు తీసుకున్నానన్నాడు. రాత్రంతా నిద్రపట్టలేదు. పోయినేడాది నేనూ అదే చేశాను.

5,000 అన్నారు. ఫీజులు కోసుకుని చేతికి 3,500 ఇచ్చారు. వారంలో 5,000 కట్టమన్నారు. లెక్కేయండి: వారానికి నూటికి దాదాపు 43 రూపాయలు! మన ఊళ్లో నెలకి నూటికి మూడు రూపాయల వడ్డీ అంటేనే అమ్మానాన్న భయపడతారు, అది ఏడాదికి 36 శాతం కాబట్టి.

రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం, ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత శాతమో అప్పు ఇచ్చే ముందే రాసి చూపించాలి. ఫోన్‌లో కాంటాక్ట్‌లు చూడకూడదు. కాంటాక్ట్‌లు అడిగిందా, వెంటనే ఆ యాప్ తీసేయండి. బెదిరిస్తే స్క్రీన్‌షాట్లు దాచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సిగ్గుపడకండి.

ఫీజు పెద్దదైతే బ్యాంకులో విద్యా రుణం అడగండి, విద్యాలక్ష్మి పోర్టల్లో దరఖాస్తు పెట్టొచ్చు. క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లు కనీస మొత్తం కట్టి ఊరుకోవద్దు, మిగిలినదానిపై వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

నేనైతే ఇంటి నుంచి డబ్బు పడగానే మెస్, రూమ్ అద్దె, బస్ పాస్ కట్టేస్తాను. మిగిలింది నాలుగు వారాలకి పంచుకుంటాను. మొదటి రెండు నెలలు కుదరలేదు, మూడో నెల నుంచి కుదిరింది.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు నాకు విడిగా మెసేజ్ పెట్టండి. ఆదివారం సాయంత్రం కూర్చుని లెక్క చూద్దాం, ఇంట్లో ఎలా చెప్పాలో కూడా మాట్లాడుకుందాం.