విషయం: దానిమ్మ కాయ లోపలి పురుగుకు పైన కొట్టే మందు అమ్మినందుకు ఫిర్యాదు

రామమూర్తి నగర్,
బెంగళూరు.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ యాప్‌లో తెలుగు ఉంది, ఫోన్లో మాట్లాడిన అబ్బాయి కూడా తెలుగే మాట్లాడాడు. అందుకే ఈ ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

మా ఇంటి పక్క సంపుకూ కాంపౌండ్ గోడకూ మధ్య ఉన్న కాస్త మట్టిలో ఒక నిమ్మ, ఒక దానిమ్మ పెంచుతున్నాను. దానిమ్మ అంటు మా అనంతపురం నుంచి తెచ్చింది. నాటి నాలుగేళ్లయింది. ఈ ఏడే మొదటిసారి ఇరవై పైచిలుకు కాయలు నిలిచాయి. జూన్ మొదటి వారంలో నిమ్మ ఆకుల మీద పురుగులు, దానిమ్మ కాయలకు చిల్లులు కనబడితే ఫొటోలు తీసి మీ యాప్‌లో పెట్టాను. అరగంటలో జవాబు వచ్చింది. రెండింటికీ ఒకటే మందు, బీటీ ద్రావణం (పురుగులను చంపే ఒక రకం బ్యాక్టీరియాతో చేసే మందు), సీసా 480 రూపాయలు. 'అన్ని పండ్ల మొక్కల్లో అన్ని రకాల పురుగులకూ' అని మీ పేజీలో పెద్దక్షరాలతో ఉంది. రెండు సీసాలు తెప్పించుకున్నాను.

నిమ్మ మీద మందు పనిచేసింది. ఆ మాట దాచను. పిట్ట రెట్టలాగా నలుపూ తెలుపూ కలిసి ఉండే చిన్న పురుగులు మర్నాటికే ఆకు తినడం మానేశాయి, మూడో రోజుకు వాడి రాలిపోయాయి. పచ్చగా, వేలెడంత పెరిగిన నాలుగు మాత్రం కదల్లేదు. వాటిని చేత్తోనే ఏరేశాను. ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు బయటపెట్టి ముక్కు మూసుకునేంత వాసన కొడతాయి, అంతే. ఇంకేమీ చేయవు.

దానిమ్మ సంగతి వేరు. చెప్పిన కొలతలోనే సాయంత్రం పూట వారం తేడాతో రెండుసార్లు కొట్టాను. కాయలు రాలడం ఆగలేదు. మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే 'డోసు డబుల్ చేసి కొట్టండి మేడం' అన్నారు. అదీ చేశాను. మరో ఆరు కాయలు పోయాయి.

ఆ రోజు రాలిన కాయ ఒకటి పళ్లెంలో పెట్టి కోశాను. పైన చూస్తే పెన్సిల్ మొన పట్టేంత చిల్లు, దాని అంచున తడి తడిగా పురుగు పెంట. తోలు నున్నగా, ఎర్రగానే ఉంది. లోపల సగం గింజలు నల్లబడి నీరు కారుతున్నాయి, కుళ్లు కంపు. మధ్యలో పొట్టిగా, మట్టి రంగులో, ఒంటినిండా నూగుతో పురుగు. నేను నెలంతా కొట్టిన మందు చుక్క కూడా దాన్ని తాకలేదు, తాకే దారీ లేదు. ఎందుకంటే బీటీ ఒంటి మీద పడితే చచ్చేది కాదు. పురుగు దాన్ని ఆకుతోనో తోలుతోనో కలిపి తినాలి, అది కడుపులో కరిగి పేగును చిల్లులు పొడవాలి. పైగా ఎండకు కొద్ది రోజుల్లోనే బలం పోతుంది. కాయలోకి దూరి గింజలు తింటున్న పురుగుకు తోలు మీది మందు ఎలా అందుతుంది? డోసు రెండింతలు కాదు, పదింతలు చేసినా అంతే.

ఇది దానిమ్మ సీతాకోకచిలుక పిల్ల. తల్లి పువ్వు మీద, పిందె మీద గుడ్డు పెడుతుంది. పిల్ల బయటికి వచ్చీ రాగానే లోపలికి తొలుచుకుపోతుంది. గుడ్డు పగిలే సమయం కనిపెట్టి ముందే కొడితే కొంత ఫలితం ఉండొచ్చు. చిల్లు పడ్డాక ఉండదు. మా నాయన పెరట్లో దానిమ్మ పిందె నిమ్మకాయంత కాకముందే పాత పంచె గుడ్డతో చిన్న సంచులు కుట్టి కట్టేవాడు, చిల్లు పడిన కాయను చెట్టున ఉంచకుండా కోసి నాశనం చేసేవాడు. నాకు తెలిసిన పని అది. అయినా మీ యాప్‌లో 'నిపుణుల సలహా' అని రాసి ఉంటే నమ్మాను. నా ఫొటోలో చిల్లు స్పష్టంగా కనబడుతోంది. ఆ ఒక్కటీ చూసి ఉంటే మీరు నాకు మందు అమ్మకూడదు.

ఇంకో మాట. సీసా మీద చిన్నక్షరాల్లో పత్తిలో కాయ తొలిచే పురుగు, క్యాబేజీలో డైమండ్ రెక్కల పురుగు అని మాత్రమే ఉంది. దానిమ్మ పేరు లేదు, నిమ్మ పేరూ లేదు. ఆ అక్షరాలు చదవడానికి నాకు భూతద్దం కావాల్సి వచ్చింది. తయారీదారు ఆ రెంటికే రాస్తే, మీ పేజీలో 'అన్ని రకాల పురుగులు' ఎక్కడి నుంచి వచ్చాయి?

మా పక్కింటావిడ పోయిన డిసెంబర్లో కుండీలోని ముల్లంగి మీద ఇదే మందు మూడుసార్లు కొట్టారు. ముట్టుకుంటే ముడుచుకుని కింద పడిపోయే నల్ల పురుగులు. చూడ్డానికి గొంగళి పురుగుల్లాగే ఉంటాయి గానీ అవి సీతాకోకచిలుకల జాతి కాదు. రంపపు ఈగ పిల్లలు, తేనెటీగలకు, కందిరీగలకు చుట్టాలు. గొంగళి పురుగుకు పొట్ట కింద కాళ్లు ఐదు జతలకు మించవు, వీటికి ఎనిమిది. మీరు అమ్మే రకం బీటీ వీటి మీద పనిచేయదు. ఆవిడకు కూడా మీవాళ్లు చెప్పింది 'డోసు పెంచండి' అనే.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది మూడో ఫోన్ తర్వాత జరిగింది. వాట్సాప్‌లో ఇంకో మందు లింకు పంపారు. దాని డబ్బా మీద పసుపు త్రిభుజం ఉంది. పురుగుమందుల డబ్బాల మీద ఎరుపు గుర్తు అన్నిటికన్నా ఎక్కువ విషానికి, పసుపు దాని తర్వాతి దానికి. కొట్టాక ఎన్ని రోజులు కాయ కోయకూడదో ఒక్క ముక్క చెప్పలేదు. ఇంట్లో పిల్లలున్నారా అని అడగలేదు. మా మనవడికి నాలుగేళ్లు. బడి నుంచి రాగానే చేతికందిన కాయ కోసుకుని గోడ దగ్గరే కూర్చుని తింటాడు. నేను ఆ లింకు తెరిచి బొమ్మ చూశాను కాబట్టి సరిపోయింది.

రెండు సీసాల డబ్బు 960 రూపాయలు వెనక్కి ఇవ్వండి. అంతకన్నా ముఖ్యం, ఆ పేజీలో ఏ పురుగుకు, ఏ దశలో పనిచేస్తుందో, దేనికి పనిచేయదో తెలుగులోనూ కన్నడలోనూ చదవగలిగే అక్షరాల్లో పెట్టండి. హెల్ప్‌లైన్‌లో కూర్చునే పిల్లలకు పురుగు ఆకు మీద ఉందా, కాయ లోపల ఉందా అని ముందు అడగడం నేర్పండి. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, మర్యాదగానే మాట్లాడాడు. అతని చేతికి ఇచ్చిన కాగితంలో ఉన్నదే చదివాడు.

ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. నెల దాటితే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను. కోసిన కాయ ఫొటోలు, రెండు బిల్లులు, సీసా లేబుల్ ఫొటో, వాట్సాప్ సందేశం దీనికి జతచేశాను.

చెట్టు మీద ఇంకా ఏడు కాయలున్నాయి. నిన్న సాయంత్రం వాటికి గుడ్డ సంచులు కట్టాను.

ఇట్లు,
మీ కస్టమర్