దూడ మొర్రికి గ్రహణం కారణం కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం జిల్లా పేజీలో ‘వింత దూడ’ వార్త చదివి నాలుగు రోజులు ఓపిక పట్టాను. ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. పశువైద్య విద్యార్థులకు పాతికేళ్లు అనాటమీ చెప్పినవాణ్ని.

పై పెదవి చీలి పుట్టిన దూడకు బొట్టు పెట్టి, చుట్టూ జనం దండాలు పెడుతున్న ఫొటో వేశారు. నెల కిందటి గ్రహణమే కారణమట! ఆవు మోసేది సుమారు 280 రోజులు. దూడ పెదవి, అంగిలి చూలు నిలిచిన మొదటి రెండు నెలల్లోనే కుదురుకుంటాయి. ఎనిమిదో నెలలో వచ్చిన గ్రహణం, ఎప్పుడో అతుక్కున్న పెదవిని ఎలా చీలుస్తుంది?

పిండం గొంతుకు రెండు పక్కలా వరసగా వంపులు లేస్తాయి. వాటినే ఫారింజియల్ ఆర్చులంటాం. మొదటి వంపు నుంచి రెండు దవడలూ వస్తాయి. దాని పై భాగం ముందుకు పెరిగి, ముక్కు వైపు నుంచి దిగే కండతో కలవాలి. కలవకపోతే మొర్రి. లోపం వంశంలో ఉండొచ్చు, చూలు తొలినాళ్లలో ఆవు మేసిన విషపు మొక్కలో ఉండొచ్చు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో లూపిన్ మొక్క మేసిన ఆవులకు అంగిలి చీలిన దూడలు పుడతాయి.

పక్కన బాక్సు కట్టి, పిండానికి చేప మొప్పలుంటాయని కూడా రాశారు. ఆవు పిండంలో ఆ వంపులు ఏ దశలోనూ మొప్పలు కావు. దవడలు, చెవిలోని బుల్లి ఎముకలు, నాలుక కింది ఎముక, స్వరపేటిక అవుతాయి. అచ్చువేసే ముందు ఒక్క పశువైద్యుణ్ని అడగడానికి ఎంతసేపు పడుతుంది?

మూడో రోజు దూడ చచ్చిపోయిందని ఒక్క ముక్కలో ముగించారు. నా బాధంతా అక్కడే. ఇలాంటి దూడకు ముందు నోట్లో వేలు పెట్టి అంగిలి తడిమి చూడాలి. అదీ చీలి ఉంటే తాగిన పాలు ముక్కులోంచి కారతాయి, ఊపిరితిత్తుల్లోకీ పోతాయి. నా చేతుల్లోనే ఒక దూడ అలా పోయింది. దాని ముక్కు దగ్గరి పాల నురగ ఇప్పటికీ మరిచిపోలేను. ఈనిన కొన్ని గంటల్లోనే ముర్రుపాలు గొట్టంతో కడుపులోకి పంపితే ఓ ఆశ ఉంటుంది. ఫొటోలో ఉన్న అంతమందిలో డాక్టరుకు ఫోన్ చేసినవాళ్లే లేరా?

చేసినా వచ్చేదెవరు? మా ఆసుపత్రిలో డాక్టరు పోస్టు రెండేళ్లుగా ఖాళీ. పక్క మండలం ఆయనే ఇన్‌ఛార్జి. ఎదసూది (కృత్రిమ గర్భధారణ) రిజిస్టరులో ఆబోతు నంబరు రాయాల్సిన గడి చాలా పేజీల్లో ఖాళీ. మొర్రి దూడ పుట్టినప్పుడు తండ్రి ఏ ఆబోతో తెలియకపోతే, అదే వీర్యం ఇంకెన్ని ఆవులకు వేస్తున్నారో ఎలా తెలుస్తుంది?

ఆ రైతు ఆవుకు వేసిన ఆబోతు నంబరు మీ విలేకరిని కనుక్కోమనండి. దొరికినా దొరక్కపోయినా, ఆ సంగతి అదే పేజీలో, అంతే పెద్దగా వేయండి.

– విశ్రాంత పశువైద్య అధ్యాపకుడు, గుంటూరు జిల్లా