మెదక్ చర్చి అద్దాలకు సబ్బునీళ్లు వద్దు

సంపాదకులకు,

క్రిస్మస్ వస్తే మెదక్ చర్చి వార్తల్లో 175 అడుగుల గోపురమే కనిపిస్తుంది. అసలు సొగసు లోపలి రంగుటద్దాలది. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన మూడు కిటికీల్లో క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమరాయి. బయటి ఎండ పడితేనే బొమ్మ తెలుస్తుంది. రాత్రి లోపల ఎన్ని లైట్లు వేసినా నలుపే.

ఇలాంటి కిటికీల్లో గాజు ముక్కలను సీసపు పట్టీల్లో బిగిస్తారు. ముఖాలు, బట్టల మడతలు గాజు మీద గీసి బట్టీలో కాలుస్తారు. కాలడం చాలని గీత తడిగుడ్డకే లేచిపోతుంది. సీసం మెత్తన, ఎండకు సాగి, గాలి తోపుకు కిటికీ పొట్ట ఉబ్బుతుంది. దాన్ని చేత్తో నొక్కితే గాజు పగలడం ఖాయం. పట్టీల్లో పుట్టీ ఎండి రాలితే వాన లోపలికి దిగుతుంది.

వరంగల్, కరీంనగర్ వైపు పాత చర్చిల్లో రంగుటద్దాలున్న వారికీ ఇదే మాట: యాసిడ్, సబ్బు వాడొద్దు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. మరీ మురికైతే డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండిన దూదితో, గీతలు లేని వైపు మాత్రమే తుడవండి. బయట రక్షణగా మరో అద్దం పెడితే కిందా మీదా గాలి సందు వదలాలి. సిలికాన్‌తో మూసేస్తే మధ్యలో చెమ్మ పట్టి రంగే ముందు పోతుంది.

– ఒక పాఠకుడు, హన్మకొండ