చెప్పిన టైముకి కనిపించిన నక్షత్రం

ఒరేయ్ చందూ,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. నీ ఉత్తరం అందింది, రెండుసార్లు చదివాను. ఇక్కడ అందరూ బాగున్నారు. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, చెల్లికి ఉద్యోగం వచ్చింది, నాకు నైట్ షిఫ్టులు తప్పాయి. వీటి గురించి ఇంకోసారి తీరిగ్గా రాస్తాను. ఇప్పుడు చెప్పాల్సింది వేరే ఉంది. అది నీకు చెప్పేదాకా నా మనసు నిలవదు.

హబుల్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన ఫొటో ఒకటి చూశాను. సింహరాశి వైపు ఉన్న ఒక గెలాక్సీల గుంపు అది, పేరు మాక్స్ జె1149. మనకి దాదాపు 500 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. ఫొటో నిండా పసుపు రంగు ముద్దలు, ఒక్కో ముద్దా ఒక్కో గెలాక్సీ. వాటి మధ్యలో నీలంగా, చేతులు చాచుకుని తిరుగుతున్నట్టు ఒక గెలాక్సీ ఉంది. అది గుంపులోది కాదు, గుంపుకి చాలా వెనక ఉంది. గుంపు బరువుకి దాని వెలుగు వంగి, పెద్దదై మనకి కనిపిస్తోంది. వింతేమిటంటే, ఆ ఒక్క గెలాక్సీ ఫొటోలో మూడు చోట్ల కనిపిస్తుంది! ఎంతసేపు చూసినా మూడూ ఒకటేనంటే మనసు ఒప్పుకోలేదు.

అసలు సంగతి ఇప్పుడు విను. 2014 నవంబరులో ప్యాట్రిక్ కెల్లీ అనే ఖగోళ శాస్త్రవేత్తకి ఆ మూడింట్లో ఒకదాని మీద కొత్తగా నాలుగు చుక్కలు కనిపించాయి. గుంపులోని ఒక గెలాక్సీ చుట్టూ శిలువ ఆకారంలో ఉన్నాయి. నాలుగూ ఒకే సూపర్‌నోవా! ఒక నక్షత్రం ఒక్కసారే పేలింది, ఆ వెలుగు నాలుగు దారుల్లో వచ్చి నాలుగు చుక్కలైంది.

మరి అదే గెలాక్సీ ఇంకో రెండు చోట్ల కూడా కనిపిస్తోంది కదా, అక్కడ పేలుడేది? అక్కడే నాకు ఒళ్ళు జలదరించింది. నీకు ఒకే రోజు నాలుగైదు ఉత్తరాలు వేర్వేరు దారుల్లో పోస్టు చేశాననుకో, అన్నీ ఒకే పూట చేరవు కదా. వెలుగూ అంతే. ఒక దారి పొడవు, ఒక దారి పొట్టి. పైగా గురుత్వాకర్షణ బలంగా ఉన్నచోట కాలమే కాస్త నెమ్మదిగా నడుస్తుంది. అందుకని ఒక చోట ఆ పేలుడు ఎన్నో ఏళ్ళ కిందటే కనిపించి ఆరిపోయి ఉంటుందట, అప్పుడెవరూ చూడలేదు. ఇంకో చోట ఇంకా కనిపించాల్సి ఉంది.

ఎప్పుడు? వేర్వేరు బృందాలు విడివిడిగా లెక్కలు వేశాయి. ఆ లెక్క ఊరికే తేలదు. గుంపులో బరువు ఎక్కడెక్కడ ఎంత ఉందో తెలియాలి, ఆ బరువులో ఎక్కువ భాగం కంటికి కనిపించని డార్క్ మ్యాటర్! కనిపించనిదాన్ని తూచి, 2015 చివర్లోనో 2016 మొదట్లోనో ఫలానా చోట చూడండి అని ముందే చెప్పారు. 2015 అక్టోబరు చివరి నుంచి హబుల్ అప్పుడప్పుడూ అటు తిరిగి చూసేది. డిసెంబరు 11న, చూడమన్న చోటే చుక్క వెలిగింది! నీ ‘ఇంకో ఐదు నిమిషాలు’ కన్నా నమ్మకంగా వచ్చిందిరా.

ఇంకొకటి, ఇది నన్ను వదలడం లేదు. ఆ వెలుగు బయల్దేరి 930 కోట్ల ఏళ్ళు. భూమి వయసు 454 కోట్ల ఏళ్ళే. అంటే పేలుడు నాటికి సూర్యుడే లేడు. గుంపు దగ్గర ఆ దారులు విడిపోయేనాటికి కూడా భూమి పుట్టలేదు. అన్ని కోట్ల ఏళ్ళ ప్రయాణంలో వచ్చిన తేడా 376 రోజులు, అంతే. ఆ తేడా సరిగ్గా టెలిస్కోపులూ లెక్కలూ వచ్చాక, మన క్యాలెండర్లో రెండు పక్క సంవత్సరాల్లో వచ్చి పడింది. దీని గురించి ఇంకా ఏదో చెప్పాలనుంది, మాట దొరకడం లేదు. నీకైతే దొరుకుతుంది.

ఈ సూపర్‌నోవాకి రెఫ్స్‌డాల్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టారు. ఆయనది నార్వే. ఇలా ఒకే పేలుడు తేడాగా కనిపిస్తే, ఆ ఆలస్యాన్ని బట్టి విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో కొలవొచ్చని 1964లోనే రాశాడు. అప్పటికి హబుల్ ఎక్కడుంది, అది 1990లో కదా పైకి వెళ్ళింది! ఆయన చెప్పినట్టే 2023లో ఆ 376 రోజుల్ని బట్టి లెక్క కట్టి ప్రచురించారు. కానీ ఆయన 2009లోనే పోయాడు. ఇంకో ఐదారేళ్ళు ఉంటే చూసేవాడు. ఎవరో తెలియని మనిషి కోసం నిన్న రాత్రి నాకు నిజంగా దుఃఖం వచ్చింది.

సరే, ఇప్పుడు మనిద్దరికీ సంబంధించిన సంగతి. రిక్వియం అని ఇంకో సూపర్‌నోవా ఉంది. 2016లో హబుల్ తీసిన ఫొటోల్లో మూడు చుక్కలుగా ఉంది, 2019 నాటికి మాయం. నాలుగోది 2037 ప్రాంతంలో వస్తుందట, రెండేళ్ళు అటూ ఇటూ. రాసి పెట్టుకో. మూడో మెట్టు ఒప్పందం ఇంకా చెల్లుతుంది కదా? ఎర్రచొక్కాకి మాత్రం ఇప్పుడే చెప్పకు, మళ్ళీ హాజరు పట్టీ తీస్తాడు.

అన్నట్టు, రిక్వియం కనిపించిన గెలాక్సీలోనే 2023లో వెబ్ టెలిస్కోపుకి ఇంకో సూపర్‌నోవా దొరికింది, దానికి ఎన్‌కోర్ అని పేరు. అంటే అది కూడా తర్వాత మళ్ళీ... కింద హారన్ కొడుతున్నారు, ఇది మూడోసారి. వెళ్ళాలిరా. ఫొటో ఈ కవర్లోనే పెడుతున్నాను, నాలుగు చుక్కలూ ముందు నువ్వే వెతుక్కో, నేను గుర్తు పెట్టలేదు. వెంటనే రాయి.

నీ
రఘు