వాసనకు ఫొటో పంపమన్న గ్యాస్ కంపెనీకి

కస్టమర్ సర్వీసు అధిపతి గారికి,

విషయం: మా వీధిలో ఆరు రోజులుగా గ్యాసు వాసన

అయ్యా,

మీరు ఇళ్లకు పంపే గ్యాసుకు సొంతంగా వాసన ఉండదు. లీకైతే జనం పసిగట్టి చెప్పాలనే అందులో మెర్కాప్టాన్ అనే ఘాటు వాసన రసాయనం కలుపుతారు. పసిగట్టాం, చెప్పాం. ఆ వాసనకు మీరు ఫొటో అడిగారు.

మొదటి రాత్రి అత్యవసర నంబరుకు చేస్తే బిల్లుకు ఒకటి, కొత్త కనెక్షనుకు రెండు అని వరసగా చదివి, లీకును ఆరో అంకెకు తెచ్చారు. ఫోనెత్తినావిడ "ముందు సిలిండరు రెగ్యులేటర్ తీసేయండి" అన్నారు. పైపు గ్యాసు కంపెనీలో ఈ సిలిండరెక్కడిదో మాకు తెలియదు. తర్వాత కస్టమర్ నంబరు అడిగారు. వాసన ఏ ఇంట్లోనూ కాదు, తొమ్మిది ఇళ్లకూ ఉమ్మడిగా నేలలోంచి పైకొచ్చే ఇనప గొట్టం దగ్గర అన్నాం. గొట్టానికి నంబరుండదు గనక ఫిర్యాదు ఎక్కలేదు. విసిగి ఒక ఇంటి నంబరిస్తే, ఆ ఇంటి స్టవ్వు చెడిపోయిందని రాసుకున్నారు.

రెండోనాడు మీ యాప్ ఫొటో లేనిదే కదలనంది. జాయింటుకు సబ్బునీళ్లు రాస్తే బుడగలు లేచాయి. అవే తీసి పెట్టాం. ఆ పరీక్ష చేయాల్సింది మీ మనిషి. మూడోనాడు "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు?" అని సందేశం వచ్చింది. మా వీధిలోకి సైకిలు కూడా రాలేదు. టెక్నీషియన్‌ను పట్టుకుంటే, మీటరుకు ముందున్నది కాంట్రాక్టరుదన్నాడు. కాంట్రాక్టరు, లైను ఎప్పుడో కంపెనీకి అప్పగించేశామన్నాడు. ఆఫీసుకు మూడుసార్లు వెళ్తే, మూడుసార్లూ వాచ్‌మన్ దగ్గర ఒకటే జవాబు: సార్ సైటుకెళ్లారు. ఆ సైటు మా వీధి మాత్రం కాదు.

కారణం కూడా మేమే చెబుతాం, జీతం ఇవ్వక్కర్లేదు. మాది డెల్టా బంకమట్టి. కందకంలో పైపు చుట్టూ ఇసుక పోసి, మట్టిని పొరపొరగా దిమ్మిస చేయకుండా తవ్విన పెళ్లలే తోసేశారు. వానకు నేల కుంగింది. కింద పసుపు ప్లాస్టిక్ పైపు దిగిపోతుంటే పైన ఇనప గొట్టం గోడ క్లాంపుకు బిగిసి ఉంది. ఆ లాగుడంతా మధ్య మరజాయింటు మీద పడుతోంది. టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుట్టిపోతే మళ్లీ వానకు ఇదే కథ.

మీ పైపు వస్తుందన్నప్పుడు కోనసీమలో ఎవరూ ఎగిరి గంతేయలేదు. 1995లో పాశర్లపూడి గ్యాసు బావి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాసు పైపు పేలి ఇరవై మందికి పైగా పోయారు. పైపు అనే మాటకే పెద్దవాళ్లు ఉలిక్కిపడే చోట, ఇది వేరే పైపు, లోపలికి తుప్పు పట్టేది కాదు, వాసన కలిపిన గ్యాసు అని ఇంటింటికీ తిరిగి ఒప్పించింది మా వీధివాళ్లే. సిలిండరు ధర మోయలేక ఒప్పుకున్నాం, నిజమే. చవక పెట్రోలుకు ఎదుర్లంక వంతెన దాటి యానాం పోయే జనం, గ్యాసు మన నేలలోదే గదా, కాస్త చవగ్గా వస్తుందనుకుంటే తప్పా? బావులు మా పొలాల పక్కన, మంటల వేడి మా కొబ్బరికి, ధర మాత్రం ఢిల్లీలో. దానికీ సర్దుకున్నాం. ఫిర్యాదు పట్టించుకోకపోవడానికి మాత్రం సర్దుకోలేం.

గొట్టాన్ని వదులు చేసి, కింద మట్టి తీసి ఇసుకతో నింపి, జాయింటు మార్చి, ప్రెషరు పరీక్ష కాగితం మా చేతికివ్వాలి. లేదంటే తొమ్మిది ఇళ్ల మీటర్లూ పీకి డిపాజిట్లు వెనక్కివ్వండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో అర్జీ పెడుతున్నాం. పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డుకూ, వినియోగదారుల కమిషన్‌కూ నకళ్లు వెళ్తాయి. పక్క వీధివాళ్లు కనెక్షన్ గురించి అడుగుతున్నారు, వాళ్లకూ ఈ లేఖే చూపిస్తాం.

ప్రస్తుతం నిలువు గొట్టం మీది వాల్వు పిడిని అడ్డంగా తిప్పి తాడుతో కట్టేశాం. వాల్వుకు కిందున్న జాయింటు మాత్రం ఇంకా బుడగలు కక్కుతూనే ఉంది. దాన్ని ఆపే వాల్వు రోడ్డు పక్క గుంటలో ఉంది, దాని తాళం మీ దగ్గరుంది.

ఇట్లు,
తొమ్మిది ఇళ్ల వినియోగదారులు